పిడికెడు కడుపు

మా అక్క నోట ‘చాలు’ అన్న మాట నేను యాభై దాటేదాకా వినలేదు. చేతిలో గరిటె ఉన్నంతసేపు ఆమెకు ఎదుటివాడు విస్తరి మీద అడ్డం పెట్టిన చెయ్యి కనిపించదు, వద్దు మొర్రో అంటున్నా వినిపించదు. కార్ఖానా బస్తీలో ఆమె ఇంటికి పోయినవాడు, కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడైనా సరే, ఆయాసపడకుండా బయటికి రాలేడు. అక్క నాకంటే చాలా పెద్దది. నా చిన్నప్పుడు అమ్మ ఎప్పుడూ మంచం మీదే ఉండేది కాబట్టి నన్ను సాకింది ఆమే. అన్నం కలిపి చిన్న చిన్న ముద్దలు చేసి, పళ్లెం అంచున వరసగా పెట్టుకుని, ఒక్కొక్కటే నోట్లో కుక్కేది. ప్రేమ చూపించడం ఆమెకు ఇంకో రకంగా రాదు. పుచ్చుకోవడం నాకూ ఇంకో రకంగా రాలేదు.

ఆమె పెంపకానికి నేను బాగానే పేరు తెచ్చాను. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేరిన కొత్తలోనే నా టిఫిన్ క్యారియర్ చూసి తోటివాళ్లంతా నవ్వారు. మధ్యాహ్నం సైరన్ మోగగానే కూర్చుని అడుగు గిన్నెదాకా ఊడ్చేసి, మళ్లీ సాయంత్రందాకా ఇనుముతో కుస్తీ పట్టేవాణ్ణి. ఇక దావత్‌ల సంగతి చెప్పక్కర్లేదు. మావాళ్లు ఇప్పటికీ ఇంట్లో దావత్ చేస్తే బఫే పెట్టరు. మిద్దె మీద చాపలు పరిచి, వరసగా కూర్చోబెట్టి వడ్డిస్తారు. ఆ వరసను బంతి అంటాం. బంతిలో చివరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. ముందే లేస్తే ఇంకా తింటున్నవాణ్ణి అవమానించినట్టు. అందరికంటే ముందు ముగించేది ఎప్పుడూ నేనే. ఎండిపోయిన ఎంగిలిచేత్తో కూర్చుని, పళ్లు లేని పెద్దమనుషులు తాపీగా బొక్కలు చప్పరిస్తుంటే వాళ్లను గుర్రుగా చూసేవాణ్ణి.

అలాంటి నా కడుపుకే జబ్బు వచ్చింది. చాలాకాలం ఉత్త మంట అనుకుని గోలీలు చప్పరిస్తూ గడిపాను. ఒకరోజు మా ఆవిడ రెండోసారి అన్నం పెట్టబోతే వద్దన్నాను. ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెళ్లయినప్పటి నుంచి నేను రెండోసారి వద్దనడం ఆమె ఎరగదు. మర్నాడు పొద్దున్నే ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకుపోయింది. గొంతులోంచి కెమెరా దింపి చూశారు. క్యాన్సర్ అన్నారు.

ముదరకముందే దొరికింది, అదృష్టవంతుడివి, కానీ కడుపులో చాలా భాగం తీసేయాలి అని ఆపరేషన్ చేసే డాక్టరు చెప్పాడు. అదృష్టం అన్న మాట నాకు చెవికెక్కలేదు. మరి అన్నం ఎక్కడికి పోతుంది సార్ అని అడిగాను. ఆయన నవ్వలేదు. పిడికిలి బిగించి చూపించి, ఇంత మిగులుస్తాను, దాన్ని పేగుకు కలిపి కుడతాను, అందులోకే పోతుంది అన్నాడు.

కడుపంటే నాకు తెలిసింది ఒక్కటే, నిండటం. అది చేసే పని ఏమిటో అది పోయాక తెలిసింది. ఆపరేషన్ తర్వాత ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు ఆ డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. కడుపు ముందు ఒక గోదాము. పూటకు సరిపడా తిండిని దాచుకుని, మెత్తగా నూరి, పేగులోకి కొంచెం కొంచెంగా వదులుతుంది. అందుకే పొద్దున తిన్న మనిషి మధ్యాహ్నందాకా తిండి మాట మరిచిపోయి రైలు నడపగలడు, పాఠం చెప్పగలడు, బిడ్డను జోకొట్టగలడు, రాత్రంతా నిద్రపోగలడు. ఆ గోదాము లేకపోతే మనమూ పిచ్చుకల్లాగా పొద్దస్తమానం ముక్కుతో పొడుచుకుంటూ తిరగాల్సిందే. పిచ్చుకలకు వర్క్‌షాపులు కట్టే తీరిక ఎక్కడిది? కడుపు కావలిమనిషి కూడా. అందులో ఊరే ఆమ్లం బండి మీద తిన్న పానీపూరీలోని క్రిములను చాలావరకు లోపలికి పోకముందే చంపేస్తుంది. చివరికి రక్తం పట్టడానికి కావలసిన ఒక విటమిన్ ఒంటికి అందాలన్నా కడుపే సాయం చేయాలట. ఇక నుంచి దానికోసం నేను ఇంజెక్షన్లు వేయించుకోవాలి. వింటుంటే నాకు నా కడుపు మీద ఎన్నడూ లేని గౌరవం పుట్టింది. అప్పటికది ఏ ల్యాబులోనో డబ్బాలో పడి ఉంది.

కుట్లు మానేదాకా పొట్ట పక్కన చిల్లు పెట్టి, పేగులోకి సన్నటి పైపు వేశారు. పాలలాంటి ద్రవం ఆ పైపులోంచి చుక్కచుక్కగా దిగేది. ఆకలి లేదు, రుచి లేదు, నోటికి పని లేదు. పక్క మంచం మనిషి ఇడ్లీ తింటుంటే, ఆ సాంబారు వాసనకు నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. నొప్పికి ఏడవలేదు కానీ దానికి ఏడ్చాను. ఇంటికి పంపేముందు పైపు తీసేస్తూ డాక్టరు ఒక షరతు పెట్టాడు. బరువు ఇప్పటికే బాగా తగ్గింది, ఇంకా తగ్గితే మళ్లీ పైపు వేయక తప్పదు. బోనాలు అయిన మంగళవారం రండి, తూకం చూసి చెబుతాను అన్నాడు. తూకం చెప్పే మాట మీద నా నోరు నాకుంటుందో లేదో ఆధారపడి ఉంది. ఆ ఎండాకాలమంతా నాకు వేరే ఆలోచన లేదు.

తిండి గురించి చెప్పే మేడమ్ ఒకామె డిశ్చార్జి రోజున నన్నూ, మా ఆవిణ్ణీ, అక్కనూ కూర్చోబెట్టి చెప్పింది. కొంచెం కొంచెంగా రెండు గంటలకోసారి తినాలి, బాగా నమలాలి, తినేటప్పుడు నీళ్లు తాగొద్దు, తీపి ముట్టొద్దు. అందరం తలలూపాం. ఆటో ఎక్కగానే అక్క తీర్పు చెప్పింది. తీపి వద్దనే మాట షుగర్ జబ్బున్నవాళ్లకు, మనవాడికి ఆ జబ్బు లేదు, ఆస్పత్రుల్లో అందరికీ ఒకటే పాట పాడతారు అంది. మేమందరం ఒప్పుకున్నాం. అందరికంటే ముందు ఒప్పుకున్నవాణ్ణి నేనే.

ఇక నా ఒంటికి బలం పట్టించే పని మొదలైంది. అక్క రోజూ కార్ఖానా నుంచి బస్సెక్కి మేక కాళ్లతో కాచిన పాయ చారు తెచ్చేది. మా క్వార్టరు గోడ పక్కన ఉండే ముస్లిం కుటుంబంలో పెద్దామె హరీరా పంపేది. ఆమె భర్త నాతోపాటే పనిచేస్తాడు. బాలింతలకూ, మంచం పట్టి లేచినవాళ్లకూ వాళ్లిళ్లలో ఇచ్చేదే ఆ హరీరా. బాదం పప్పు, గసగసాలు నూరి, పాలల్లో ఉడికించి, నెయ్యి పోసి, చక్కెర ధారాళంగా వేస్తారు. మూతి పెట్టామంటే గ్లాసు ఖాళీ కావాల్సిందే. మొదటి రోజు తాగి, అమృతం అంటే ఇదేనేమో అనుకున్నాను. గ్లాసు కడిగి బోర్లించేలోపే గుండె దడదడలాడింది. ఒళ్లంతా చెమట, కళ్లముందు చీకటి, పొట్టలో మెలికలు. నేల మీద పడిపోయాను.

దిష్టి అంది అక్క. పుట్టెడు అన్నం తిన్నవాణ్ణని లోకమంతా ఏడ్చిందట నా మీద. ఉప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట పట్టుకుని నా తల చుట్టూ తిప్పి, పొయ్యి మీద కాలుతున్న ఇనప పెంకులో వేసింది. ఇల్లంతా పొగ నిండింది గాని ఒక్కరికీ దగ్గు రాలేదు. మిరపకాయలు కాలినా ఘాటు రాలేదంటే దిష్టి అంత గట్టిగా ఉన్నట్టు లెక్క. కాసేపటికి నేను తేరుకున్నాను. దిష్టి పోయిందని రుజువైంది. ఇంత నీరసపడ్డాడు పాపం అని, బలం కోసం మళ్లీ హరీరా తాగించారు. మళ్లీ పడ్డాను. మళ్లీ మిరపకాయలు కాలాయి.

ఇలా ఎన్నాళ్లు గడిచాయో లెక్క పెట్టలేదు. బెల్టుకు మేకుతో కొత్త చిల్లులు పొడుచుకుంటూ పోయాను. గిన్నె చప్పుడు వింటే భయం వేసేది. ఎవరూ చూడనప్పుడు పాయ చారులో అన్నం కలిపి వెనక తలుపులోంచి గల్లీ కుక్కకు పెట్టేవాణ్ణి. దాని ఎంగిలి కోసం కాకులు, కాకులు చిందించిన మెతుకుల కోసం పావురాలు, వాటి వెనక చీమలు. కుక్క మా గడప ఎక్కలేనంత బలిసింది. నా ఒక్కడి కడుపు ఇన్నేళ్లూ ఇన్ని జీవాల వాటా తిన్నదా అని నాకే ఆశ్చర్యం వేసింది. అవి కళకళలాడుతుంటే నేను పుల్లలా మారాను. కలలో కూడా ఆ పైపే కనిపించేది.

అమావాస్య రోజు అక్క మామూలుకంటే పెందలాడే వచ్చింది. అమావాస్య మంచిది కాదని, నేను ఏమీ తినకముందే దిష్టి తీసేసింది. ఆ వెంటనే పక్కింటి నుంచి హరీరా గ్లాసు వచ్చింది. తాగాను. పెంకులో మిరపకాయలు ఇంకా కాలుతూనే ఉన్నాయి, నేను చెమటలు కక్కుతూ నేల మీద పడి ఉన్నాను. అక్క మళ్లీ ఉప్పు డబ్బా అందుకోబోయింది. మా ఆవిడ ఎన్నడూ ఆమెకు ఎదురు చెప్పలేదు. ఆరోజు ఉప్పు డబ్బా మీద చెయ్యి పెట్టింది.

“వదినా, నువ్వు ఇప్పుడే గద దిష్టి తీసినవ్? గింతల మల్ల ఎవలు పెట్టిండ్రు? గీ గ్లాసు తప్ప ఇంట్లకు ఎవలొచ్చిండ్రు?”

మా ఆవిడ వెంటనే ఆస్పత్రి మేడమ్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. ఆమె అవతల నుంచి నిట్టూర్చింది. పెద్ద కడుపు ఉన్నప్పుడు తీపి నిదానంగా పేగులోకి దిగుతుంది, ఇప్పుడు ఆపేవాళ్లు లేరు, తీపంతా ఒక్కసారిగా పేగులో పడేసరికి ఒంట్లో నీరంతా అటు పరుగెత్తి మనిషి ఇలా పడిపోతాడు, షుగర్ ఉన్నా లేకపోయినా ఇంతే, అందుకే వద్దన్నాను కదమ్మా అంది. నేల మీద పడుకునే ఆ మాటలన్నీ విన్నాను. నాకు నవ్వొచ్చింది. ఇన్ని రోజులూ చావు దగ్గరికి వచ్చిందనుకుని వణికింది ఒక గ్లాసు హరీరాకా?

పక్కింటామెకు తెలిసి కళ్లనీళ్లు పెట్టుకుంది. మర్నాటి నుంచి అదే బాదంపప్పును చక్కెర లేకుండా, చిటికెడు ఉప్పు, మిరియాలు వేసి, చిన్న కటోరాలో సగానికి పోసి పంపడం షురూ చేసింది. అది నాకు ఏ బాధా లేకుండా దిగింది. అక్క మాత్రం ఆ పూటే పాయ క్యారియర్ సర్దుకుని బస్సెక్కి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. తన చేతి తిండి తమ్ముడికి విషమైందని బావతో అందట. అది విన్నప్పుడు నాకు కుట్లకంటే ఎక్కువ నొప్పి పుట్టింది. ఆ చేతి ముద్దలే కదా నన్ను మనిషిని చేసింది.

నేను కొత్తగా తినడం నేర్చుకున్నాను. పొద్దున లేవగానే సగం ఇడ్లీ. కాసేపాగి ఉడికించిన గుడ్డు. మధ్యాహ్నం రెండు మూడు ముద్దలు, మళ్లీ గుప్పెడు అటుకులు, మళ్లీ పెరుగు. ముద్ద నీళ్లయ్యేదాకా నమిలేవాణ్ణి. కడుపు చేయాల్సిన పని పళ్లకు అప్పగించాను. నా జన్మలో మొదటిసారి తోటకూరకు ఒక రుచి, పెసరపప్పుకు ఇంకో రుచి ఉన్నాయని తెలిసింది. అంతకుముందు అవి నోట్లో ఆగిందెక్కడ? వర్క్‌షాపులో తేలిక పని ఇచ్చారు. క్యారియర్‌కు బదులు చిన్న చిన్న స్టీలు డబ్బాలు పట్టుకెళ్లేవాణ్ణి. పసిపిల్లల డబ్బాలని నవ్విన తోటివాళ్లే వారం తిరగకుండా, అన్నా నీ టైమైంది అని గుర్తుచేయడం మొదలుపెట్టారు. బెల్టుకు కొత్త చిల్లు పొడిచే అవసరం రాలేదు. కానీ తూకం మిషన్ ఎక్కే ధైర్యం మాత్రం నాకు లేదు.

ఆషాఢం వచ్చింది. మా లష్కర్ బోనాల పండగ దావత్‌కు రమ్మని బావ వచ్చి పిలిచి వెళ్లాడు. దావత్ ఆదివారం, ఆస్పత్రి మంగళవారం. నేను రానని మా ఆవిడతో గట్టిగా చెప్పాను. అక్క పెట్టినంత తింటే మంగళవారందాకా కక్కుకుంటూ పడుకోవాలి, ఉన్న కాస్త బరువూ పోయి పైపు వస్తుంది. తినకపోతే నిండు బంతిలో ఆమె చేతిని కాదన్నట్టు. నా ముందు ఇంకో దారి కనిపించలేదు. మా ఆవిడ చీర మడతపెడుతూ, ఆమె ఇంట్ల బోనం ఎత్తినప్పుడు నువ్వు లేనిదెన్నడు అని మాత్రం అడిగింది. పోయాం.

మిద్దె మీద వాన పడకుండా టార్పాలిన్ కట్టారు. కింద గల్లీలో డప్పులు మోగుతున్నాయి. బంతి చివర కూర్చుంటే ఎవరి కంటా పడనని అక్కడ కూర్చున్నాను. అక్క పలకరించింది గాని కళ్లు కలపలేదు. విస్తళ్లు పరిచారు. అక్క చిన్న కోడలు మటన్ బకెట్‌తో వచ్చింది. ఒక్క ముక్క వేయించుకుని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను. మా ఇంటి కోడళ్లు దానికి ఆగేరకం కాదు, అత్త దగ్గర పని నేర్చుకున్నవాళ్లు.

“గిదేం తినుడు మామా, జెరంత ఏపిచ్చుకో” అంటూ నా వేళ్ల సందులోంచి గరిటె వంచబోయింది.

మెట్ల దగ్గర నిలబడ్డ అక్క వచ్చి కోడలి మణికట్టు పట్టుకుంది.

“సాలు” అంది.

కోడలు నమ్మలేనట్టు అత్త ముఖం చూసింది. నేనూ చూశాను. అక్క ఆ బకెట్ పక్కకు పెట్టించి, నా ఎదురుగా నేల మీద చతికిలబడింది. నా విస్తట్లో ముక్కను బొక్క నుంచి విడదీసి, పీచుపీచుగా తుంచింది. గుప్పెడు బగారా అన్నంలో కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి, విస్తరి అంచున వరసగా పెట్టింది. చిన్నప్పటిలా నోట్లో పెట్టలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది. నమిలి తిను, తొందరేం లేదు అంది. తర్వాత తెలిసింది, రాకుండా ఉన్న రోజులన్నీ ఆమె మా ఆవిడకు ఫోన్ చేసి నేనేం తిన్నదీ, ఎంత తిన్నదీ కనుక్కుంటూనే ఉందట. ఎట్లా నమలాలో, ఎంతసేపు ఆగాలో అన్నీ ఆమెకు నాకంటే బాగా తెలుసు.

మొదటి ముద్ద నమలడం మొదలుపెట్టాను. నేను సగంలో ఉండగానే బంతి అంతా తినడం అయిపోయింది. చేతులు ఎండుతున్నాయి. పిల్లలు మెలికలు తిరుగుతున్నారు. రెండో బంతికి రావాల్సినవాళ్లు మెట్ల మీద నిలబడి మెడలు చాచి చూస్తున్నారు. బావ తరఫు బంధువు ఒకాయన మోకాలి మీద చెయ్యి వేసి లేవబోయాడు. అక్క వెనక్కి తిరిగి చూడకుండానే అంది.

“ఎవ్వరు లేవద్దు. నా తమ్ముడు తింటుండు.”

ఆయన మళ్లీ కూర్చున్నాడు. ఒకప్పుడు నేను గుర్రుగా చూసిన పళ్లు లేని పెద్దాయన వరసలో అటు చివర ఉన్నాడు. ఆయనకు నేను తోడు దొరికినందుకు కాబోలు, ఇంకో బొక్క వేయించుకుని తాపీగా చప్పరించడం మొదలుపెట్టాడు. నేను సిగ్గుపడతానని భయపడ్డాను. సిగ్గు రాలేదు. ఛాతీ పొంగింది. చెప్పడానికి మొహమాటం దేనికి, జీవితంలో ఇన్ని దావత్‌లు తిన్నాను, ఇంత దర్జాగా ఎక్కడా తినలేదు. ఆ ముక్క రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. చివరి ముద్ద మింగి, మెతుకు మిగలని విస్తరిని మడిచాను. నేను లేచాను. నా వెనక బంతి మొత్తం లేచింది.

మంగళవారం ఆస్పత్రికి అక్క కూడా వస్తానంది. నేను తూకం మిషన్ ఎక్కి కళ్లు మూసుకున్నాను. నర్సు అంకె చదివింది. పోయినసారి కంటే కొంచెం పెరిగింది. కొంచెమే గాని, తగ్గలేదు. డాక్టరు నా చెయ్యి పట్టుకుని ఊపి, పైపు మాట మరిచిపో, ఇట్లాగే తిను అన్నాడు. నేను బయటికి వచ్చి వరండా అదిరేలా అక్కా అని పిలిచాను. బెంచీ మీద ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చున్న అక్క నా ముఖం చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంది. సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి, నీ టైమైంది తమ్మీ, తిను అంది. అందులో మెత్తటి కిచిడీ ఉంది. అక్కడే నిలబడి నమిలి నమిలి తిన్నాను. డబ్బాలో ఇంకా సగం ఉంది. అక్క మూత పెట్టేసింది.